పాత నెగెటివ్‌లను తుడిచే ముందు

అటక మీది ట్రంకు పెట్టెలోనో, బీరువా అడుగునో పాత నెగెటివ్‌లు దొరికినప్పుడు వెంటనే తుడవాలనిపిస్తుంది. ఆ పని చేయకూడదు. నలుపు తెలుపు నెగెటివ్‌లో బొమ్మంతా వెండి రేణువులు పొదిగిన పలుచని జెలటిన్ పొరలోనే ఉంటుంది. చెమ్మ తగిలితే ఆ జెలటినే బూజుకు ఆహారమవుతుంది, బూజు తిన్న పొర నీటికి కరిగే స్థితికి వస్తుంది. అందువల్ల తడిగుడ్డతో తుడిస్తే మచ్చతో పాటు మనిషి ముఖమూ పోవచ్చు.

మొదట వాసన చూడాలి. వెనిగర్ లాంటి పుల్లని వాసన వస్తే అసిటేట్ అనే ప్లాస్టిక్‌తో చేసిన ఫిల్ము శిథిలమవుతున్నట్లే. ఆ ఆవిరి పక్కవాటినీ పాడుచేస్తుంది కనుక అలాంటి వాటిని వేరుచేసి, ముడుచుకుపోకముందే అన్నిటికన్నా ముందు స్కాన్ చేయించాలి. 1950ల తొలినాళ్ల వరకు వాడుకలో ఉన్న నైట్రేట్ ఫిల్ము సులువుగా అంటుకుంటుంది. అంచున ఆ పేరు కనిపిస్తే వేడికి దూరంగా ఉంచి, నిపుణులకు అప్పగించడమే మంచిది.

మిగిలిన వాటిని అంచులతోనే పట్టుకుని, రబ్బరు బుడ్డితో గాలి కొట్టి, మెత్తని కుంచెతో దుమ్ము దులపాలి. నోటితో ఊదితే తుంపరలు పడతాయి. కవరుకో, ఒకదానికొకటో అంటుకున్నవాటిని బలవంతంగా లాగకూడదు.

స్కానర్ ఫిల్ము గుండా వెలుగు పంపగలిగేదై ఉండాలి. 35 మిల్లీమీటర్ల ఫిల్మును 3200 డీపీఐ (అంగుళానికి 3200 చుక్కలు) వద్ద తీస్తే సుమారు 4,500 × 3,000 పిక్సెళ్ల బొమ్మ వస్తుంది. దానిని ఛాయల తేడాలు సూక్ష్మంగా నిలిచే 16 బిట్ల, నాణ్యత తగ్గని ఫైలు రకమైన టిఫ్‌గా దాచి, గీతలను నకలు మీదే సరిదిద్దాలి. దుమ్మును తనంతట తానే తొలగించే ఇన్‌ఫ్రారెడ్ సదుపాయం కలర్ ఫిల్ముకు ఉపయోగపడుతుంది గాని, మామూలు నలుపు తెలుపు ఫిల్ములో వెండి ఆ కిరణాలను అడ్డుకుంటుంది కనుక బొమ్మనే చెరుపుతుంది.

స్కాన్ అయిందని అసలును పారేయకూడదు. పీవీసీ కవర్లు కాక పాలీప్రొపిలీన్ కవర్లు వాడి, గాలిలో తేమ 30 నుంచి 50 శాతం మధ్య ఉండేలా చూసుకోవాలి. మన ఇళ్లలో అలవాటుగా వేసే కలరా ఉండలు వీటి దగ్గర వద్దు. ఫ్రిజ్‌లో పెట్టదలచినవారు గాలి చొరని సంచుల్లో మూసి ఉంచాలి. బయటికి తీశాక, లోపలి చలి పూర్తిగా తగ్గేవరకు సంచి విప్పకూడదు, లేకుంటే ఫిల్ము మీద నీటి బిందువులు పడతాయి.