ముసలి కుక్కను ఇంట్లోనే సాగనంపాల్సి వస్తే ముందుగా చూసుకోవాల్సినవి

మా బైరి 14 ఏళ్ళు బతికాడు. నాటు కుక్క. వానకి మా స్కూటర్ కింద దూరిన పిల్లను నాన్న లోపలికి తెచ్చి భైరవ అని పేరు పెడితే, నోరు తిరగక మా అబ్బాయి బైరి అన్నాడు, అదే ఉండిపోయింది. కిందటేడు వాడి కిడ్నీలు పాడయ్యాయి. హైదరాబాద్ సఫిల్‌గూడలో మా ఇంటి వరండాలో, వాడు రోజూ పడుకునే చోటే, డాక్టర్ గారు వచ్చి నొప్పి లేకుండా ప్రాణం పోయే ఇంజెక్షన్ ఇచ్చారు. తల నా ఒళ్ళో ఉంది.

ఇంట్లోనే జరగాలని అంతగా పట్టుబట్టడానికి కారణం మా పిల్లి. ఎనిమిదేళ్ళ ముందు దాన్ని ఒక క్లినిక్‌లో స్టీలు టేబుల్ మీద పోగొట్టుకున్నాను. పక్క గదిలో కుక్కలు అరుస్తుంటే అది నా చున్నీలోకి దూరిపోవాలని చూసింది. నన్ను బయట నిలబెట్టారు. ఆ బెదురు చూపు ఇప్పటికీ నన్ను వదల్లేదు. అందుకే బైరి జబ్బు సంగతి తెలిసిన రోజునుంచే అన్నీ కనుక్కోవడం మొదలుపెట్టాను. మీరు కూడా అప్పుడే మొదలుపెట్టండి. ఆఖరి రాత్రి ఫోన్లు చేస్తే ఎవరూ దొరకరు.

అన్నిటికంటే కష్టం, ఎప్పుడు అనేది. అమెరికాలో జంతువుల క్యాన్సర్ డాక్టర్ ఆలిస్ విల్లలోబోస్ 2004లో ఒక కొలత తయారుచేశారు. నొప్పి, ఆకలి, నీళ్ళు, శుభ్రత, సంతోషం, కదలిక, చెడ్డ రోజులకంటే మంచి రోజులు ఎక్కువున్నాయా లేదా అన్నది. ఈ ఏడింటికీ సున్నా నుంచి పదిదాకా మార్కులు వేసుకోవాలి. ఊపిరి సరిగ్గా ఆడుతోందా అన్నది కూడా నొప్పి కిందే వస్తుంది. మొత్తం 70కి 35 దాటితే ఇంకా చూసుకుంటూ ఉండొచ్చు. నేను అవి లెక్కేసి, ఆ రోజు ఎలా గడిచిందో వంటింటి క్యాలెండర్లో తేదీ పక్కన ఒక చుక్క పెట్టేదాన్ని. మంచి రోజుకి నీలం, చెడ్డ రోజుకి ఎరుపు. మనసు ఒక్క మంచి పూటనే గుర్తుపెట్టుకుంటుంది. క్యాలెండర్ అలా కాదు, వరసగా ఐదు ఎర్ర చుక్కలు ఉంటే ఐదూ కనిపిస్తాయి.

మార్కులకంటే ముందు నాకు చెప్పింది వాడి నీళ్ళ గిన్నె. దాని మీదకి మూతి వంచి, నీళ్ళకి వేలెడు దూరంలో ఆపి, తాగకుండా అలాగే నిలబడిపోయేవాడు. నీళ్ళు వద్దనుకుంటున్నాడు అనుకున్నాను. డాక్టర్ గారు పెదవి ఎత్తి చూపిస్తే చిగుళ్ళ నిండా పుళ్ళు. కిడ్నీలు పాడైన కుక్కలకు అలా అవుతుందట. దాహం వేస్తోంది, తాగితే మంట. కుక్కలు చాలాసార్లు నొప్పిని అరిచి చెప్పవు. ఇలా నిలబడిపోవడం, మూలకి వెళ్ళి పడుకోవడం, తోక దించేయడం, రాత్రంతా చోటు మార్చుకుంటూ ఉండటం, నొప్పిని ఇలాగే చూపిస్తాయి.

అప్పటిదాకా వాడికి సుఖంగా ఉండేలా చూడటం మన పని. కిడ్నీ జబ్బుకి డాక్టర్ గారు చర్మం కింద సెలైన్ ఎక్కించడం నేర్పారు, వాంతి ఆగే మందు రాశారు. లేవలేని కుక్కకి టైల్స్ మీద కాళ్ళు జారతాయి కాబట్టి గోనెపట్టాలు పరిచాం. నాలుగు గంటలకోసారి పక్క మార్చి పడుకోబెట్టాలి, లేకపోతే తుంటి దగ్గర పుండు పడుతుంది. తడి గుడ్డతో తుడిచి ఆరబెట్టాలి. తినకపోతే బలవంతంగా నోట్లో కుక్కకండి. ఇంకో మాట గట్టిగా చెబుతున్నాను. ఇంట్లో ఉన్నాయి కదా అని మన నొప్పి మాత్రలు వేయొద్దు. పిల్లికి ఒక్క పారాసిటమాల్ చాలు ప్రాణం తీయడానికి. కుక్కకి ఐబుప్రొఫెన్ కడుపులో పుళ్ళు చేసి కిడ్నీలను దెబ్బతీస్తుంది.

ఇంటికొచ్చే డాక్టర్ కోసం ముందు మీరు రోజూ చూపించే డాక్టర్నే అడగండి. ఆయన రాకపోయినా ఎవరొస్తారో చెప్తారు. జిల్లాల్లో ఉంటే ప్రభుత్వ పశువైద్యశాలలో అడగండి. ఎవరైనా సరే వెటర్నరీ కౌన్సిల్‌లో రిజిస్టర్ అయిన డాక్టరే అయ్యుండాలి, కాంపౌండర్ చేతికి ఇవ్వొద్దు. ఫోన్లోనే రెండు ప్రశ్నలు అడగండి. ముందు మత్తు ఇస్తారా? తర్వాత ఏ మందు? పెంటోబార్బిటోన్ గానీ థయోపెంటోన్ గానీ ఎక్కువ మోతాదులో నరానికి ఇస్తామంటే సరే. పొటాషియం క్లోరైడ్ అంటే, లోతైన మత్తులోకి వెళ్ళాకే ఇస్తారా అని తప్పకుండా అడగండి, మెలకువలో ఉండగా ఇస్తే ఘోరమైన బాధ. ఖర్చు కూడా అప్పుడే మాట్లాడుకోండి, ఆ రోజు దాని గురించి మాట్లాడే ఓపిక ఉండదు. కాగితం మీద సంతకం అడుగుతారు. గత పది రోజుల్లో మీ కుక్క ఎవరినైనా కరిచి ఉంటే దాచకండి, రేబిస్ సంగతి తేలాలి.

ఇంట్లో పెద్దవాళ్ళు ఒప్పుకోవడం ఇంకో ఎత్తు. అమ్మ వారం రోజులు వద్దంది. "ఆయువు తీర్చడానికి మనమెవరం?" అని. నేను వాదించలేదు. ఒక రాత్రి రెండింటికి వాడు లేవలేక, గోడకి తల ఆనించి మూలుగుతుంటే అమ్మని లేపి పక్కన కూర్చోబెట్టాను. తెల్లారాక కాఫీ తాగుతూ తనే అడిగింది, "డాక్టర్ గారిని ఎప్పుడు రమ్మంటున్నావే?" అని.

అక్కడ నేనొక తప్పు చేశాను. ఆదివారమైతే అందరం ఇంట్లో ఉంటామని మూడు రోజులు ఆగాను. శుక్ర, శనివారాలు వాడు పడ్డ బాధ మా సెలవు కోసం పడ్డది. డాక్టర్ గారు ఇక చాలన్న రోజు సెలవు పెట్టండి.

పిల్లలకి "నిద్రపుచ్చారు" అని చెప్పకండి, రాత్రి పడుకోవడానికి భయపడతారు. "ఊరెళ్ళింది" అని కూడా వద్దు, గేటు దగ్గర ఎదురుచూస్తారు. జబ్బు తగ్గదు, నొప్పి లేకుండా చనిపోయేలా డాక్టర్ గారు మందు ఇస్తారు అని మామూలు మాటల్లో చెప్పండి. దగ్గరుండాలా వద్దా వాళ్ళనే తేల్చుకోనివ్వండి.

ఆ రోజు పాత నూలు చీర మడిచి, దాని కింద ప్లాస్టిక్ షీటు వేసి ఉంచండి. మత్తు మందుకి కొన్ని వాంతి చేసుకుంటాయి, కాబట్టి తిండి పెట్టాలా వద్దా ముందే కనుక్కోండి. మత్తు కండకి ఇస్తారు. పది, పదిహేను నిమిషాల్లో తల బరువెక్కుతుంది. చెప్పాలనుకున్నవన్నీ ఆలోపే చెప్పుకోండి. తర్వాత ముందు కాలి మీద అగ్గిపెట్టె అంత మేర వెంట్రుకలు తీసి నరం పట్టుకుంటారు. బైరి గోధుమరంగు వెంట్రుకలు అమ్మ చీర మీద రాలాయి. మందు వెళ్ళాక రెండు మూడు నిమిషాలే. డాక్టర్ గారు స్టెతస్కోప్ పెట్టి విని తల ఊపారు.

తర్వాత జరిగేవి ముందే తెలిసుంటే కంగారు ఉండదు. కళ్ళు మూతపడవు. ఒకటి రెండుసార్లు ఎగశ్వాసలా రావచ్చు, కండ అదరొచ్చు, మూత్రం జారొచ్చు. బతికున్నాడని కాదు, బాధా కాదు. కొన్ని గంటల్లో ఒళ్ళు బిగుసుకుంటుంది కనుక, పడుకున్నప్పటిలా కాళ్ళు ముందే మడిచి ఉంచండి.

పాతిపెట్టేట్టయితే సొంత జాగాలో, బావికీ బోరుకీ దూరంగా, కనీసం నాలుగడుగుల గొయ్యి తీయించండి. ఆ మందు మాంసంలో అలాగే ఉండిపోతుంది, ఏ కుక్కో గద్దో తవ్వి తింటే అదీ చనిపోతుంది. నూలు గుడ్డలోనే చుట్టండి, ప్లాస్టిక్ వద్దు. మాకు జాగా లేదు. నాగోలు దగ్గర ఫతుల్లాగూడలో పెంపుడు జంతువుల దహనవాటిక ఉంది, అక్కడికి తీసుకెళ్ళాం. ఎండాకాలమైతే ఐస్ ప్యాకులు పెట్టి తీసుకెళ్ళండి.

ఇంట్లో ఇంకో కుక్కో పిల్లో ఉంటే తీసుకెళ్ళే ముందు దాన్ని దగ్గరికి రానివ్వండి, వాసన చూడనివ్వండి. ఇప్పుడు మా ఇంట్లో ఉన్న ఇంకో పిల్లి బైరి చెవి ఒకసారి నాకి, ఆ రోజంతా వాడి గోనెపట్టా మీదే పడుకుంది. పట్టాలు వెంటనే ఉతకలేదు. ఆ వారం దాని తిండి మీద కన్నేసి ఉంచండి. పిల్లి రెండు రోజులు ముద్ద ముట్టకపోతే దిగులు అని వదిలేయకండి, లివర్ మీద పడుతుంది, డాక్టర్‌కి చూపించండి.