లేహ్‌లో మొదటి రోజు: నెల్లూరు, ఒంగోలు నుంచి ఒంటరిగా వెళ్ళేవాళ్ళకు

నెల్లూరు సముద్రమట్టానికి పాతిక మీటర్ల ఎత్తు కూడా లేదు. ఒంగోలూ అంతే. మనం ఎక్కే తిరుమల కొండ కూడా వెయ్యి మీటర్ల లోపే. లదాఖ్‌లోని లేహ్ ఉన్నది 3,500 మీటర్ల మీద. ఢిల్లీలో విమానం ఎక్కిన గంటన్నరలోపే ఆ ఎత్తున దిగుతారు. అక్కడి గాలిలోనూ ఆక్సిజన్ 21 శాతమే. కానీ గాలి ఒత్తిడి మన దగ్గరున్నదాంట్లో మూడింట రెండు వంతులే కనుక ఒక్కో ఊపిరికి అందేది తక్కువ. ఒళ్ళు సర్దుకోవడానికి రెండు రోజులైనా పడుతుంది. వయసులో ఉన్నాం, రోజూ జిమ్‌కి పోతున్నాం అనే లెక్క ఇక్కడ చెల్లదు. ఇలా ఎత్తుకు వెళ్ళి ఆక్సిజన్ చాలక వచ్చే ఎత్తు జబ్బు బలాన్ని చూసి రాదు.

ఒంటరిగా వెళ్తే "ఏందిరా, అట్టుండావు?" అని అడిగే మనిషి పక్కన ఉండడు. కాబట్టి ఆ అడిగే మనిషిని ముందే ఏర్పాటు చేసుకోవాలి. దానికి మొదటి మెట్టు ఫోను. బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్‌లు లదాఖ్‌లో పనిచెయ్యవు, ఏ కంపెనీదైనా సరే. వారం ముందే పోస్ట్‌పెయిడ్‌కి మార్పించుకోండి. బస చేసే ఇంటి నంబరు కాగితం మీద రాసి ఒకటి జేబులో పెట్టుకుని, ఇంకొకటి ఇంట్లో ఇచ్చి వెళ్ళండి. బస కూడా పెద్ద హోటల్లో కాకుండా, కుటుంబం కాపురముండే గెస్ట్‌హౌస్‌లో కింది అంతస్తు గది అడగండి. మెట్లు తప్పుతాయి, రాత్రి పిలిస్తే పలికేవాళ్ళుంటారు.

ఎత్తు జబ్బు రాకుండా వేసుకునే మందు సంగతి డాక్టరుతోనే తేల్చుకోవాలి. మామూలుగా రాసేది అసిటజోలమైడ్, షాపుల్లో డయామాక్స్ అంటారు. ప్రయాణానికి ముందు రోజు మొదలుపెట్టి, చేరాక రెండు రోజుల దాకా పూటకు 125 మి.గ్రా. చొప్పున రోజుకు రెండు సార్లు. 250 మి.గ్రా. బిళ్ళయితే సగం. సల్ఫా మందులు పడనివాళ్ళు ఆ మాట డాక్టరుకు ముందే చెప్పాలి. వేళ్ళు తిమ్మిరెక్కడం, మాటిమాటికీ మూత్రం రావడం ఈ మందువల్ల వచ్చేవే, కంగారు పడొద్దు.

ఆవకాయో గోంగూరో లేకుండా ఇంట్లోవాళ్ళు గడప దాటనివ్వరు కనుక ఒక మాట. బయటి ఒత్తిడి తగ్గేకొద్దీ సీసాలో గాలి ఉబ్బి నూనెను బయటికి తోస్తుంది. మూతి నుంచి రెండు వేళ్ళ వెలితి ఉంచి, మూతి మీద ప్లాస్టిక్ కాగితం పరిచి మూత బిగించి, రెండు కవర్లలో పెట్టండి. పచ్చడిని చేతి సంచిలో రానివ్వరు, లగేజీలోనే వెయ్యాలి. ఆక్సిజన్ డబ్బాలను విమానంలో ఎందులోనూ ఒప్పుకోరు.

లేహ్ విమానాలు ఎక్కువగా పొద్దున్నే ఉంటాయి, మధ్యాహ్నం అయ్యేసరికి అక్కడ గాలులు లేస్తాయి. సాయంత్రం నెల్లూరులో బయలుదేరి, చెన్నైలో రాత్రి విమానం పట్టుకుని, తెల్లారేసరికి ఢిల్లీలో మారితే టికెట్టు కలిసొస్తుందేమో గానీ, నిద్రలేని ఒళ్ళు ఆ ఎత్తుకు చేరుతుంది. ఢిల్లీలో ఒక రాత్రి పడుకుని వెళ్ళండి. సెలవు ఎక్కువున్నవాళ్ళకు ఇంకా మంచి దారి శ్రీనగర్ నుంచి రోడ్డు. రాత్రి కార్గిల్‌లో ఆగితే, సుమారు 2,700 మీటర్ల దగ్గర ఒంటికి ఒక మజిలీ దొరుకుతుంది.

విమానం దిగాక పరుగులొద్దు. పెట్టె ఎత్తేటప్పుడే ఆయాసం తెలుస్తుంది, చక్రాల మీద లాక్కోండి. ట్యాక్సీలకు యూనియన్ నిర్ణయించిన రేట్లుంటాయి, కౌంటరు దగ్గర అడిగి ఎక్కితే బేరం బాధ ఉండదు. గదికి చేరగానే ఇంటివాళ్ళకు "జూలే" అని పలకరించి, మొదటిసారి వచ్చానని, ఒంటరిగా ఉన్నానని, రాత్రి పడుకునేముందు, పొద్దున ఏడింటికి ఒకసారి తలుపు తట్టమని చెప్పండి. ఇది అడగడానికి మొహమాటపడొద్దు. ఎత్తు జబ్బు వాళ్ళకు తెలిసిన విషయమే.

ఇక మధ్యాహ్నం దాకా పడక. నిద్ర పట్టకపోయినా పర్లేదు. చాలామంది తప్పు చేసేది ఇక్కడే. దిగిన మొదటి రెండు మూడు గంటలు ఒళ్ళు తేలిగ్గానే ఉంటుంది. నాకేం కాలేదనుకుని కొండ మీది లేహ్ ప్యాలెస్ ఎక్కేస్తారు, బైకు అద్దెకు తీసుకుంటారు. తలనొప్పి, వికారం మొదలయ్యేది సాధారణంగా 6 నుంచి 12 గంటల తర్వాత, అంటే సాయంత్రమో రాత్రో. అప్పటికి అలిసిపోయి ఉంటే రెట్టింపు బాధ.

నీళ్ళు రోజంతా కొద్దికొద్దిగా, మొత్తం మూడు లీటర్ల దాకా తాగండి, అందులో ఒక ఓఆర్ఎస్ పొట్లం కలపండి. అదే పనిగా ఐదారు లీటర్లు పోస్తే జబ్బు ఆగదు సరికదా, రక్తంలో ఉప్పు పలచబడుతుంది. మద్యం, సిగరెట్టు, నిద్రమాత్ర ఆ రోజుకు వద్దు. తిండి తేలిగ్గా ఉండాలి, వేడి తుక్పా (అక్కడి నూడుల్స్ సూపు) బాగా పడుతుంది. నీళ్ళు అక్కడ 88 డిగ్రీలకే మరుగుతాయి. అందుకే వెంట తెచ్చుకున్న కప్పు ఉప్మా మన దగ్గరకన్నా ఎక్కువసేపు మూతపెట్టి ఉంచాలి.

సాయంత్రం ఐదు తర్వాత ఒళ్ళు బాగుంటే మెయిన్ బజారులో అరగంట నడవండి. అది సమతలంగానే ఉంటుంది, వాహనాలు రావు. స్వెటర్ తీసుకెళ్ళండి, ఎండ దిగగానే చలి తగులుతుంది. చీకటి పడేలోపు గదికి రండి, రాత్రిళ్ళు వీధికుక్కలు గుంపులుగా తిరుగుతాయి.

ఇంటికి ఫోను నాలుగింటికి, తొమ్మిదింటికి, పొద్దున ఆరింటికి. వేళలు ముందే అనుకోండి, ఫోను రాకపోతే గెస్ట్‌హౌస్‌కి చెయ్యమని చెప్పండి. అమ్మ అడిగే "అన్నం తిన్నావా?" ఇక్కడ నిజంగా మొదటి పరీక్ష. ఆకలి చచ్చిపోవడం, తలనొప్పితో కలిస్తే, ఎత్తు జబ్బు గుర్తే. అబద్ధం చెప్పొద్దు. పల్స్ ఆక్సీమీటరులో మొదటి రోజు 85, 90 మధ్య కనిపించడం అక్కడ మామూలే. చల్లటి వేళ్ళకు ఇంకా తక్కువ చూపిస్తుంది, చేతులు రుద్దుకుని చూడండి.

తలనొప్పి మాత్రమే ఉంటే పారాసిటమాల్ వేసుకుని పడుకోవచ్చు. కూర్చున్నా ఆయాసం తగ్గకపోవడం, తెరిపివ్వని దగ్గు, మాట తడబడడం ఉంటే తెల్లారేదాకా ఆగొద్దు. నేల మీద గచ్చు గీత వెంట మడమకు బొటనవేలు తగిలిస్తూ పది అడుగులు వెయ్యండి. తూలితే మెదడులో వాపు మొదలైందేమోనని అనుమానించాలి. ఇంటివాళ్ళను లేపి వెంటనే లేహ్‌లోని ప్రభుత్వ ఆసుపత్రి ఎస్ఎన్ఎంకి వెళ్ళాలి. ఒక్కరే వెళ్ళొద్దు. ఆక్సిజన్ పెడతారు, అవసరమైతే కిందికి పంపుతారు. చలికాలంలో గదిలో బుఖారీ పొయ్యి వెలిగిస్తే కిటికీ కొంచెం తెరవండి, ఆ పొగ వల్ల వచ్చే తలనొప్పి కూడా ఇలాగే ఉంటుంది.

రెండో రోజు పొద్దున తల తేలిగ్గా ఉండి టిఫిను సయిస్తే, నెమ్మదిగా ప్యాలెస్ దాకా వెళ్ళొచ్చు. తలనొప్పి ఇంకా ఉంటే ఆ రోజూ గదిలోనే. 5,300 మీటర్లు దాటిన ఖార్దుంగ్ లా కనుమ ఎవరికైనా మూడో రోజు తర్వాతే.