ఇంట్లో చిన్న చిలుకలు – మూడవ పాఠం: మేత

రామచిలుకను పట్టి పంజరంలో ఉంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరమనీ, అందుచేత ఈ పాఠాలన్నీ బడ్జెరిగర్‌ అనే చిన్న చిలుక గురించేననీ మొదటి పాఠంలో చెప్పుకున్నాం. బడ్జీ అని ముద్దుగా పిలిచే ఈ పక్షిని మన దుకాణాల్లో లవ్‌బర్డ్స్‌ పేరుతో అమ్ముతారు. అసలు లవ్‌బర్డ్స్‌ ఆఫ్రికాకు చెందిన పొట్టి తోక చిలుకలు. బడ్జీ సొంతగడ్డ ఆస్ట్రేలియా. రెండవ పాఠంలో పంజరం కొలతలు చూశాం. ఇప్పుడు ఆ పంజరంలో పెట్టే గిన్నెల దగ్గరికి వద్దాం.

చిలుక అనగానే మనకు జామచెట్టు గుర్తుకొస్తుంది. బడ్జీ విషయంలో ఆ బొమ్మను కాసేపు పక్కన పెట్టాలి. ఆస్ట్రేలియా లోతట్టు పొడి నేలల్లో గుంపులు గుంపులుగా తిరుగుతూ నేలమీది గడ్డిగింజలు ఏరుకొని తినే పక్షి ఇది. పండు దీనికి అప్పుడప్పుడు ఒక చిన్న ముక్క చాలు. మన చిరుధాన్యాలు కూడా గడ్డిజాతి గింజలే కనుక కొర్రలు, వరిగలు, సామలు దీని ముక్కుకు సరిగ్గా సరిపోతాయి. అయితే కిరాణా కొట్టులో మనకోసం అమ్మేవి పొట్టు తీసిన కొర్ర బియ్యం. పక్షికి కావలసినవి పొట్టుతో ఉన్న కొర్రలు. పొట్టు ఉంటే గింజ ఎక్కువకాలం బతికి ఉంటుంది, అది పోయాక లోపలి నూనె త్వరగా పాడై చెడు వాసన వేస్తుంది. మిల్లెట్‌ స్ప్రే పేరుతో దుకాణాల్లో అందంగా కట్టి, ఎక్కువ ధరకు అమ్మేది కూడా కొర్ర కంకే. అనంతపురం, కర్నూలు, నంద్యాల వైపు బంధువులున్నవారు పురుగుమందు కొట్టని చేను నుండి పంటకాలంలో ఒక కట్ట తెప్పించుకుంటే చాలాకాలం వస్తుంది.

కొన్న గింజ మంచిదో కాదో తెలుసుకోవడానికి ఒక పరీక్ష ఉంది. 100 గింజలు లెక్కపెట్టి, ఒక రాత్రి నానబెట్టి, తడి గుడ్డలో మూటకట్టి, ఆరనివ్వకుండా నాలుగైదు రోజులు ఉంచండి. 80కి పైగా మొలిస్తే గింజ బాగున్నట్టే. సగం కూడా మొలవకపోతే అది ఏళ్లతరబడి గోదాములో పడి ఉన్న సరుకు అనుకోవచ్చు. రైతు విత్తనానికి చేసే పరీక్షే ఇది. మేతకు కూడా అంతే బాగా పనికొస్తుంది.

ఇక ఈ పాఠంలో అన్నిటికంటే ముఖ్యమైన విషయం. బడ్జీ గింజను ఉన్నదున్నట్టు మింగదు. ముక్కుతో పట్టుకొని, నాలుకతో తిప్పుతూ, పొట్టు వలిచి, లోపలి పలుకును మాత్రమే తింటుంది. వలిచిన పొట్టు అక్కడే, గిన్నెలోనే పడుతుంది. ఉదయం నిండుగా పోసిన గిన్నె సాయంత్రానికి కూడా దాదాపు నిండుగానే కనిపిస్తుంది, కాని పైపొర అంతా ఒట్టి పొట్టు. మా ఇంట్లో మొదటి జత పెంచిన రోజుల్లో పెళ్లికని రెండు రోజులు ఊరెళ్తూ మేత చూడమని పక్కింటివారికి అప్పగించాం. వారు రెండుపూటలా వచ్చి చూశారు, గిన్నె నిండుగా ఉంది కదా అని గింజలు పోయకుండా వెళ్లారు. మేం తిరిగి వచ్చేసరికి రెండు పక్షులూ ఈకలు ఉబ్బించుకొని, పంజరం అడుగున ఒక మూలకు చేరి ఉన్నాయి. తప్పు వారిది కాదు. మేం చెప్పి వెళ్లలేదు. ఇంత చిన్న పక్షి ఒళ్లు ఆకలిని ఎంతోసేపు ఓర్చుకోలేదు. ఒక రోజంతా తిండి లేకపోతే ప్రాణానికే ప్రమాదం.

కాబట్టి రోజుకు రెండుసార్లు గిన్నెను బయటికి తీసి, పైన మెల్లగా ఊదండి. చేటలో చెరిగినట్టు పొట్టు లేచిపోయి, అడుగున ఎన్ని గింజలున్నాయో కనిపిస్తుంది. అయితే పాత గింజలమీదే కొత్తవి పోస్తూ పోకూడదు. అడుగున చేరిన దుమ్ములో, తేమలో బూజు పడుతుంది. గిన్నె కడిగి, పూర్తిగా ఆరబెట్టాకే మళ్లీ నింపాలి. ఒక్కో పక్షికి రోజుకు ఒకటిన్నర నుండి రెండు టీస్పూన్ల గింజలు సరిపోతాయి. కోడి గింజను పొట్టుతో సహా మింగుతుంది కనుక దానికి కడుపులో ఇసుకరాళ్లు కావాలి. వలుచుకొని తినే బడ్జీకి వాటి అవసరం లేదు, ఎక్కువ తింటే కడుపులో అడ్డుపడతాయి కూడా.

గింజలు ఇష్టంగా తింటుంది కదా అని వాటితోనే సరిపెడితే కొన్ని నెలల్లో లోపాలు బయటపడతాయి. వాటిలో విటమిన్‌ ఎ దాదాపు ఉండదు, కాల్షియం తక్కువ, అయోడిన్‌ కూడా తక్కువే. విటమిన్‌ ఎ చాలకపోతే నోటిలోపలి, శ్వాసనాళంలోని పొరలు మందమై తరచూ ముక్కు కారుతుంది. అయోడిన్‌ చాలకపోతే థైరాయిడ్‌ గ్రంథి ఉబ్బి గాలిగొట్టాన్ని నొక్కుతుంది, ఊపిరి తీసేటప్పుడు పక్షి కీచుమంటుంది. పొద్దుతిరుగుడు గింజల పప్పులో దాదాపు సగం కొవ్వే. అవి మచ్చిక చేసేటప్పుడు చేతిలో పెట్టి ఇచ్చే బహుమతిగా రోజుకు రెండు మూడు చాలు, గిన్నెలో పోయవలసినవి కావు.

అందుకే ఆకుకూర తప్పనిసరి. మునగాకు, కొత్తిమీర, మెంతికూర, క్యారెట్‌ తురుము మనకు రోజూ దొరికేవే. పాలకూర, తోటకూరలలోని ఆక్సలేట్లు కాల్షియాన్ని ఒంటికి పట్టనివ్వవు కనుక వాటిని అప్పుడప్పుడు మాత్రమే పెట్టాలి. మార్కెట్‌ ఆకుపై పురుగుమందు ఉండవచ్చు. కాసేపు ఉప్పునీటిలో ఉంచి, తర్వాత మంచినీటితో రెండు మూడుసార్లు కడగండి. కొత్త ఆకును చూసి బడ్జీ మొదట భయపడుతుంది. కట్టను తడిగానే, పైకొమ్మ పక్కన క్లిప్పుతో తగిలిస్తే తడి ఆకుల్లో దొర్లి స్నానం చేయడానికి వస్తుంది, ఆ సందులో రుచి చూస్తుంది. పది రోజులు తాకకపోయినా పదకొండో రోజూ తగిలించండి. మన ఎండల్లో మూడు నాలుగు గంటలకు మించి ఆకును, మొలకలను పంజరంలో వదలకూడదు. కాల్షియం కోసం ఒక కటిల్‌బోన్‌, అంటే సముద్రఫేనం, కడ్డీలకు గుచ్చి ఉంచితే తనకు కావలసినప్పుడు గీరుకుంటుంది.

దుకాణంలో దొరికే పెల్లెట్లు, అంటే గుళికలుగా చేసిన తయారీ మేత, అలవాటు చేయదలచినవారు తొందరపడకూడదు. అది తిండి అని పక్షి గుర్తించకపోవచ్చు, పెల్లెట్లు నిండిన గిన్నె ముందే ఆకలితో కూర్చోవచ్చు. గింజల్లో కొద్దిగా పొడిచేసి కలుపుతూ వారాలతరబడి పాళ్లు మార్చాలి. ఈ కాలంలో ఒక గ్రాము వరకు చూపే వంటింటి డిజిటల్‌ త్రాసు తప్పక ఉండాలి. బడ్జీ బరువు సాధారణంగా 30 నుండి 40 గ్రాములు. 35 గ్రాముల పక్షి మూడున్నర గ్రాములు తగ్గిందంటే పదోవంతు పోయినట్టే. వెంటనే పాత మేతకు మారి పశువైద్యుడిని కలవాలి.

పెట్టకూడనివాటిని త్వరగా చెప్పేస్తాను. అవకాడో, చాక్లెట్‌, కాఫీ, టీ, మద్యం, ఉల్లి, ఉప్పు చల్లిన చిరుతిళ్లు ప్రమాదకరం. పాలు పక్షులకు జీర్ణం కావు. పెరుగన్నం పెట్టే అలవాటును ఇక్కడితో మానేయవచ్చు. పచ్చిమిరపకాయ ముక్కను చూసి మాత్రం కంగారు పడనక్కరలేదు, మిరపలోని మంట పక్షుల నాలుకకు తెలియదు.

ఈ వారం అభ్యాసం: రోజూ ఉదయం మేత పెట్టకముందు పక్షిని తూచి, అంకెను ఒక నోటు పుస్తకంలో రాయండి. సాయంత్రం గిన్నెలోని పొట్టు ఊదాక మిగిలిన గింజలను టీస్పూనుతో కొలిచి పక్కన రాయండి. పంజరం అడుగున పరిచిన కాగితంపై రెట్టను కూడా గమనించండి: ముదురు ఆకుపచ్చ భాగం, తెల్లని భాగం, కాస్త నీరు అని మూడూ విడివిడిగా కనిపించాలి. ఏడు రోజుల అంకెలు చేతిలో ఉంచుకొని నాలుగవ పాఠానికి రండి. చేతిమీదికి ఎక్కించుకొనే మచ్చిక పాఠంలో గింజ ఏ వేళ ఇవ్వాలో ఆ అంకెలను బట్టే నిర్ణయిస్తాం.