ఉచిత ఈమెయిల్ సాఫ్ట్‌వేర్ వేసుకునే ముందు

పర్లాకిమిడిలాంటి సరిహద్దు ఊళ్లలో అటు ఒడిశాకూ ఇటు ఆంధ్రకూ దరఖాస్తులు పెట్టుకునేవారు నెట్ సెంటరులో ఒకే కంప్యూటరును పదిమందీ వాడతారు కనుక, ఉచిత ఈమెయిల్ సాఫ్ట్‌వేరు తెచ్చే చిక్కులు అక్కడే ముందుగా బయటపడతాయి.

సాఫ్ట్‌వేరును తయారుచేసినవారి సొంత సైటు నుంచే దించుకోవాలి. ఇతర సైట్ల ఇన్‌స్టాలర్లలో ప్రకటనల ప్రోగ్రాములు కలిసి రావచ్చు కాబట్టి, ‘నెక్స్ట్’ నొక్కుకుంటూ పోకుండా ప్రతి టిక్కునూ చదివి అక్కరలేనిది తీసివేయాలి.

థండర్‌బర్డ్ వంటి మంచి సాఫ్ట్‌వేరులో సైతం, దాచిన పాస్‌వర్డులన్నిటికీ తాళంలాంటి ప్రైమరీ పాస్‌వర్డ్ పెట్టకపోతే, సెట్టింగ్స్‌లో ‘సేవ్డ్ పాస్‌వర్డ్స్’ తెరిచి చూపించమన్న ఎవరికైనా మీ పాస్‌వర్డ్ అక్షరం పొల్లుపోకుండా కనబడే వీలుంది. నాది అలా తెరమీద చూసుకున్న రోజున నాకు గుండె జారింది.

ఉత్తరంలోని బొమ్మలు బయటి సర్వరు నుంచి తెరుచుకుంటే, దాన్ని ఎప్పుడు తెరిచారో, ఏ ఐపీ చిరునామా (నెట్‌లో మీ కనెక్షను గుర్తింపు సంఖ్య) నుంచి తెరిచారో పంపినవారికి తెలిసే వీలుంది. అందుకే ఇలా బయటి నుంచి వచ్చే ‘రిమోట్ కంటెంటు’ను సెట్టింగ్స్‌లో ఆపి ఉంచాలి.

ఖాతా కలిపేటప్పుడు, ఉత్తరాలను సర్వరులోనే ఉంచి చూపే ఐమ్యాప్ పద్ధతిని ఎంచుకోవడం మేలు. పాప్ పద్ధతిలో ఉత్తరాలు ఆ కంప్యూటరులోకి దిగి, సర్వరులో ఉంచమని చెప్పకపోతే అక్కడ చెరిగిపోవచ్చు. డిస్కు పాడైతే ఈమెయిల్‌లో వచ్చిన హాల్‌టికెట్టూ దానితోపాటే పోతుంది. నెట్ సెంటరులోనైతే అసలు సాఫ్ట్‌వేరు జోలికి పోకుండా, బ్రౌజరులో ప్రైవేటు విండో తెరిచి, పని కాగానే లాగౌట్ చేయాలి.