పండక్కి తేగలు కొరికేలోపు పంటి సందుల సంగతి చూసుకోండి

ధనుర్మాసం వచ్చిందంటే మా కోనసీమలో ముగ్గులతో పాటు తేగల కట్టలు కూడా సెంటర్లలోకి వచ్చేస్తాయి. వెనకాలే చెరకు, నువ్వులద్దిన అరిసెలు, జంతికలు, కనుమకి నాటుకోడి. పళ్ళకి ఏడాదిలో ఇంత పని ఇంకెప్పుడూ పడదు. తీరా పన్ను పట్టుకుంటే భోగి నుంచి ముక్కనుమ దాకా చాలా క్లినిక్‌లకి తాళాలే.

నిరుడు భోగి రాత్రి నా గతి అదే. కాల్చిన తేగను నిలువునా చీల్చి, మధ్యలో చందమామ అనే లేత మొలకను మా వాడి చేతిలో పెట్టి, మిగతాది నేను కొరికాను. పీచొకటి కుడివైపు కింది దవడ పళ్ళ మధ్య దిగిపోయింది. నాలుకతో తోశాను. చీపురుపుల్ల విరిచి గుచ్చాను. చివరికి మా అత్తయ్యని అడిగి పిన్నీసు పుచ్చుకున్నాను. పీచు రాలేదు గానీ రక్తం వచ్చింది. కనుమ పొద్దుటికి బుగ్గ బూరెలా పొంగింది. ఇంటిల్లిపాదీ జగ్గన్నతోట ప్రభల తీర్థానికి బండెక్కితే, నేను ఉప్పునీళ్ళ గ్లాసు పట్టుకుని అరుగు మీద కూర్చున్నాను. పండగెళ్ళాక డాక్టరు గారు సన్నటి దారంతో నిమిషంలో ఆ పీచు లాగి దూది మీద పెట్టి చూపించారు. అరంగుళం కూడా లేదు.

ఆ దారమే ఫ్లాస్. ఇరుక్కున్నది తీయడం దాని పనుల్లో చిన్నది. బ్రష్ పంటి ముందు, వెనక, పైభాగం తోముతుంది. రెండు పళ్ళు ఒరుసుకునే చోటికి దాని కుచ్చు వెళ్ళదు. అక్కడ పాచి పేరుకుని, కొన్నాళ్ళకి గారగా గట్టిపడుతుంది. గార అయ్యాక దారానికీ లొంగదు, డాక్టరు క్లీనింగ్ చేయాల్సిందే. పాచిలోని బాక్టీరియాతో ముందు చిగురు ఎర్రబడి వాస్తుంది, తర్వాత రక్తం కారుతుంది. అలాగే వదిలేస్తే కొందరిలో పంటిని పట్టుకున్న ఎముక కరిగి పన్ను కదులుతుంది. షుగర్ ఉన్నవాళ్ళకి ఇది ఇంకా తొందరగా ముదురుతుంది. చిగుళ్ళ జబ్బు ముదిరితే షుగర్ అదుపులో ఉండటమూ కష్టమే.

ఫ్లాస్‌కి గట్టి రుజువులు లేవని 2016లో అమెరికాలో పెద్ద వార్త అయింది. అబద్ధమేం కాదు, ఏళ్ళ తరబడి గమనించిన మంచి పరిశోధనలు తక్కువే. ఉన్నవాటిని 2019లో కోక్రేన్ (వైద్య పరిశోధనలను బేరీజు వేసే అంతర్జాతీయ సంస్థ) సమీక్ష జల్లెడ పడితే, బ్రష్‌తో పాటు ఫ్లాస్ చేసేవాళ్ళకి చిగుళ్ళ వాపు తగ్గే అవకాశం ఉందని తేలింది. పిప్పిపళ్ళ సంగతి మాత్రం తేలలేదు. పిన్నీసు దెబ్బ తిన్న నాకు ఆ మొదటి ముక్క చాలు.

మొదలుపెట్టేది మాత్రం ఇప్పుడే, పండగ రోజున కాదు. పాచి పట్టి వాచిన చిగుళ్ళకి దారం తగిలితే మొదటి రోజుల్లో కాస్త రక్తం వస్తుంది. చాలామంది అక్కడే భయపడి డబ్బా మూలన పడేస్తారు. రోజూ మెత్తగా చేస్తూ పోతే వారం, పది రోజుల్లో సాధారణంగా ఆగిపోతుంది. రెండు వారాలైనా ఆగకపోతే క్లినిక్ తెరిచి ఉండగానే చూపించుకోండి. రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళు ముందే డాక్టరుకి చెప్పాలి.

మందుల షాపులో అడిగితే చిన్న డబ్బా ఇస్తారు. మా ఊళ్ళో కుర్రాడు మొదటిసారి "దారమాండీ? టైలర్ షాపు పక్క వీధండీ" అన్నాడు. కుట్టు మిషన్ దారం మాత్రం వాడకండి, మధ్యలో తెగి అదే ఇరుక్కుంటుంది. కొత్తవాళ్ళకి మైనం పూసిన రకం సులువు.

సుమారు 45 సెంటీమీటర్లు, అంటే మూరెడు దారం తెంపండి. రెండు చేతుల మధ్యవేళ్ళకీ చుట్టి, మధ్యలో అంగుళం మేర బిగువుగా పట్టుకోండి. సందులోకి టక్కున నొక్కకండి, చిగురు కోసుకుపోతుంది. రంపంలా అటూ ఇటూ మెల్లగా ఆడిస్తూ దింపాలి. దిగాక దారాన్ని ఒక పంటికి వంచి హత్తించి, చిగురు అంచు కిందికి కొద్దిగా పోనిచ్చి, కిందికీ పైకీ నాలుగైదు సార్లు రుద్దండి. తర్వాత అదే సందులో రెండో పంటికి. ఈ వంచడమే అసలు పని. ఊరికే దింపి లాగేస్తే తేగ పీచు వస్తుందేమో గానీ పాచి రాదు. ప్రతి సందుకీ కొత్త దారం వచ్చేలా వేలి చుట్టు విప్పుకుంటూ పోవాలి. చివరి దవడ పన్ను వెనక వైపు మరిచిపోకండి. మొదటి రాత్రి నాకు పావుగంట పట్టింది, ఇప్పుడు మూడు నిమిషాలు. రాత్రి పడుకునే ముందు ఒక్కసారి చాలు.

సందులు వెడల్పుగా ఉన్న పెద్దవాళ్ళకి దారం కంటే సందుల్లో దూరే బుల్లి బ్రష్షులు మేలు. బ్రిడ్జి (పక్క పళ్ళకి ఆనించి కట్టే పన్ను) కట్టించుకున్నవాళ్ళకి వేరే రకం దారం ఉంటుంది, కట్టిన డాక్టరునే అడగండి. పక్కపక్క పళ్ళు తగులుకున్న చిన్నపిల్లలకి పెద్దవాళ్ళే చేయాలి.

పండగ మూడు రోజులూ పిన్నీసు, గుండుసూది, అగ్గిపుల్ల నోటి దరిదాపులకి రానీయకండి. నొప్పి అని మాత్ర నలిపి చిగురు మీద పెడితే అక్కడ చర్మం కాలుతుంది. ఇరుక్కున్నది దారానికి రాకపోతే గోరువెచ్చని ఉప్పునీళ్ళు పుక్కిలించి మళ్ళీ ప్రయత్నించండి. వాపు దవడ కిందికీ మెడకీ పాకినా, జ్వరం వచ్చినా, నోరు తెరవలేకపోయినా, మింగలేకపోయినా క్లినిక్ తెరిచే దాకా ఆగకండి, ఆ రాత్రే పెద్దాసుపత్రికి వెళ్ళండి.

అన్నట్టు, మీ డాక్టరు గారు కనుమకి ఊళ్ళో ఉంటారో లేదో ఈ వారమే ఫోన్ చేసి కనుక్కోండి. మా డాక్టరు గారైతే భోగికి ముందు రోజే అత్తారింటికి వెళ్ళిపోతున్నారట.