మీ సెషన్ కుకీని ఒక్కసారి తెరిచి చూడండి

లాగిన్ అయ్యాక మీరెవరో గుర్తుపట్టడానికి సర్వర్ మీ బ్రౌజర్‌కి ఇచ్చే చిన్న టోకెన్ లాంటిది సెషన్ కుకీ. మీరు రాసిన యాప్‌లోనే లాగిన్ అయ్యి, క్రోమ్‌లో ఎఫ్12 నొక్కి, అప్లికేషన్ ట్యాబ్‌లో కుకీస్ కింద మీ సైట్ పేరు మీద క్లిక్ చేయండి (ఫైర్‌ఫాక్స్‌లో ఆ ట్యాబ్ పేరు స్టోరేజ్). పీహెచ్‌పీ అయితే పీహెచ్‌పీసెస్‌ఐడీ, జావా అయితే జేసెషన్‌ఐడీ, జాంగో అయితే సెషన్‌ఐడీ, ఎక్స్‌ప్రెస్ అయితే కనెక్ట్ డాట్ ఎస్‌ఐడీ, మీరు మార్చకపోతే వీటిలో ఏదో ఒక పేరు కనిపిస్తుంది. ఆ వరుసలో కుడివైపుకి వెళ్తే హెచ్‌టీటీపీఓన్లీ, సెక్యూర్, సేమ్‌సైట్ అని మూడు గడులు ఉంటాయి. అవి ఖాళీగా ఉంటే మిగతా పనులు పక్కన పెట్టి ముందు ఇది చూడండి.

ఎందుకంత అర్జెంటు అంటే, ఆ కుకీ విలువను కాపీ చేసి, ఇన్‌కాగ్నిటో విండోలో మీ సైట్ తెరిచి, అదే పేరుతో కుకీ పెట్టి రీఫ్రెష్ కొట్టండి. చాలా యాప్‌లలో పాస్‌వర్డ్ అడగదు, ఓటీపీ అడగదు, నేరుగా మీ అకౌంట్ తెరుచుకుంటుంది. నేను కొత్తగా టీమ్‌లో చేరినవాళ్లందరితో మొదటిరోజే ఈ పని చేయిస్తాను, ఎందుకంటే ఎంత చెప్పినా ఎక్కని విషయం ఇది ఒక్కసారి కళ్లారా చూస్తే ఎక్కుతుంది. 2010లో ఫైర్‌షీప్ అనే ఫైర్‌ఫాక్స్ ఎక్స్‌టెన్షన్ వచ్చింది. మీరున్న ఓపెన్ వైఫైలోనే ఉన్న మిగతావాళ్ల ఫేస్‌బుక్, ట్విటర్ సెషన్ కుకీలను పట్టుకుని పేర్లతో సహా పక్కన చూపించేది, క్లిక్ చేస్తే వాళ్ల అకౌంట్‌లోకి వెళ్లిపోవచ్చు. అప్పట్లో ఆ సైట్లు లాగిన్ పేజీని మాత్రం హెచ్‌టీటీపీఎస్‌లో పెట్టి తర్వాతి పేజీలను మామూలు హెచ్‌టీటీపీలో వదిలేసేవి.

ఇప్పుడు అందరికీ హెచ్‌టీటీపీఎస్ ఉంది కదా అంటారు. ఉంది, కానీ ఎవరైనా అడ్రస్ బార్‌లో హెచ్‌టీటీపీతో మీ సైట్ తెరిచారనుకోండి, లేదా పాత లింక్ ఒకటి నొక్కారనుకోండి, మీ సర్వర్ దాన్ని రీడైరెక్ట్ చేసేలోపే మొదటి రిక్వెస్ట్‌తో పాటు కుకీ బయటికి వెళ్లిపోయి ఉండొచ్చు. సెక్యూర్ పెడితే హెచ్‌టీటీపీఎస్ కాని దారిలో బ్రౌజర్ ఆ కుకీని పంపదు. జాంగోలో ఇది మొదటినుంచీ ఫాల్స్‌గా ఉంటుంది, సెట్టింగ్స్‌లో సెషన్ కుకీ సెక్యూర్‌ని మీరే ట్రూ చేయాలి, దాంతోపాటు సీఎస్‌ఆర్‌ఎఫ్ (వేరే సైట్ మీ యూజర్ పేరు మీద రిక్వెస్ట్ పంపించే దాడి) కుకీ సెక్యూర్‌ని కూడా. పీహెచ్‌పీలో పీహెచ్‌పీ డాట్ ఐఎన్ఐ తెరిచి సెషన్ డాట్ కుకీ సెక్యూర్‌కి 1 ఇవ్వండి.

ఎక్స్‌ప్రెస్ వాళ్లు ఒక చోట తప్పకుండా ఇరుక్కుంటారు. ముందు రిక్వెస్టులు అందుకునే ఎన్‌జినిక్స్ వెబ్ సర్వర్, వెనక మీ ఎక్స్‌ప్రెస్ యాప్ నడిచే నోడ్ ఉంటుంది, సర్టిఫికెట్ ఎన్‌జినిక్స్ దగ్గరే ఆగిపోతుంది, కాబట్టి నోడ్‌కి వచ్చేది మామూలు హెచ్‌టీటీపీ. సెక్యూర్ ట్రూ చేయగానే ఎక్స్‌ప్రెస్ సెషన్ ఇది సురక్షితమైన కనెక్షన్ కాదు అనుకుని కుకీ ఇవ్వడమే మానేస్తుంది, లాగిన్ అయినట్టే అయ్యి మళ్లీ లాగిన్ పేజీకే వస్తుంది, ఎర్రర్ ఒక్కటీ ఉండదు. రాత్రి పదకొండింటికి రిలీజ్ టెన్షన్‌లో ఆ లైన్ తీసేసి, రేపు చూద్దాం అనుకున్నవాళ్లలో నేనూ ఉన్నాను, ఆ రేపు నాలుగు నెలలకి వచ్చింది. లైన్ తీయకండి. యాప్‌లో ట్రస్ట్ ప్రాక్సీకి 1 ఇచ్చి, ఎన్‌జినిక్స్ నుంచి, బయటి కనెక్షన్ హెచ్‌టీటీపీఎస్ అని చెప్పే ఎక్స్ ఫార్వర్డెడ్ ప్రోటో హెడర్ పంపితే సరిపోతుంది.

హెచ్‌టీటీపీఓన్లీ సంగతి త్వరగా చెప్పేస్తాను. ఇది పెడితే పేజీలోని జావాస్క్రిప్ట్‌కి కుకీ కనపడదు. 2002లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 6 సర్వీస్ ప్యాక్ 1తో వచ్చిన సదుపాయం, అయినా పీహెచ్‌పీలో ఇప్పటికీ మనమే ఆన్ చేయాలి. కన్సోల్‌లో డాక్యుమెంట్ డాట్ కుకీ అని కొట్టి చూడండి, సెషన్ కుకీ కనిపించకూడదు. ఎక్స్‌ఎస్‌ఎస్‌కి (మీ పేజీలోకి దొంగ స్క్రిప్ట్ చొప్పించే దాడికి) ఇదే మందు అని మాత్రం అనుకోకండి, దొంగ స్క్రిప్ట్ కుకీని ఎత్తుకుపోలేకపోయినా ఆ పేజీలో కూర్చునే మీ యూజర్ పేరు మీద రిక్వెస్టులు పంపగలదు.

సేమ్‌సైట్ దగ్గర కాస్త నెమ్మదిగా చదవండి. వేరే సైట్ నుంచి వచ్చే రిక్వెస్టుకి మీ కుకీని జోడించాలా వద్దా అని చెప్పేది ఇదే. 2020లో క్రోమ్ 80 నుంచి, మనం ఏమీ రాయకపోతే ల్యాక్స్ అని తీసుకోవడం మొదలైంది, అంటే బయటి సైట్ నుంచి లింక్ నొక్కినట్టు గెట్‌గా వస్తే కుకీ వస్తుంది, పోస్ట్‌గా వస్తే రాదు. మన దగ్గర దీని దెబ్బ ఎక్కువగా తగిలేది పేమెంట్ గేట్‌వేలతో. ఒక ఫీజు కట్టే యాప్‌లో నేను చూసింది ఇది: విద్యార్థి డబ్బు కట్టేశాడు, అకౌంట్‌లోంచి పోయింది, గేట్‌వే అతన్ని పోస్ట్ రిక్వెస్ట్ ద్వారా మా పేజీకి తిప్పి పంపింది, చూస్తే లాగిన్ పేజీ! పాపం ఆ పిల్లాడు డబ్బు పోయిందేమోనని రెండోసారి కట్టాడు.

జరిగింది ఏమిటంటే, బయటి సైట్ నుంచి పోస్ట్‌గా వచ్చింది కాబట్టి ల్యాక్స్ కుకీ రాలేదు. అంతటితో ఆగలేదు, ఆ పేజీలో మొదటి లైనే సెషన్ స్టార్ట్, కుకీ లేదు కదా అని అది కొత్త సెషన్ ఒకటి పుట్టించి పాతదాని మీద రాసేసింది. ఇలాంటప్పుడు నెట్‌లో దొరికే సలహా సేమ్‌సైట్‌ని నన్ చేసేయమని, అంటే ఏ సైట్ నుంచి వచ్చినా కుకీ పంపేయమని. దయచేసి చేయకండి, ఒక్క పేజీ కోసం యాప్ మొత్తానికీ ఆ కాపలా తీసేసినట్టు అవుతుంది. గేట్‌వే తిరిగి పంపే పేజీలో సెషన్‌ని ముట్టుకోకుండా, గేట్‌వే పంపిన డిజిటల్ సంతకాన్ని సరిచూసి, ఆర్డర్ నంబర్‌తో డేటాబేస్‌లో రాసుకుని, 303 రీడైరెక్ట్‌తో మీ రసీదు పేజీకి పంపండి. అది గెట్ కాబట్టి ల్యాక్స్ కుకీ వచ్చేస్తుంది, విద్యార్థి లాగిన్ అయ్యే ఉంటాడు.

కుకీ పెట్టే కోడ్‌లో డొమైన్ సెట్టింగ్‌ని ఖాళీగా వదిలేయండి. అక్కడ మీ డొమైన్ పేరు రాస్తే అన్ని సబ్‌డొమైన్లకీ కుకీ వెళ్తుంది, ఎప్పుడో పెట్టి అప్‌డేట్ చేయని వర్డ్‌ప్రెస్ బ్లాగుకి కూడా. ఇంకా గట్టిగా కావాలంటే కుకీ పేరు ముందు రెండు అండర్‌స్కోర్లు, హోస్ట్, ఒక హైఫన్ చేర్చండి, అప్పుడు సెక్యూర్ లేకపోయినా, డొమైన్ రాసినా, పాత్ స్లాష్ కాకపోయినా బ్రౌజరే ఆ కుకీని తీసుకోదు.

లాగిన్ కాగానే సెషన్ ఐడీ మారాలి, పీహెచ్‌పీలో సెషన్ రీజనరేట్ ఐడీకి ట్రూ ఇచ్చి పిలవండి, సెషన్ డాట్ యూజ్ స్ట్రిక్ట్ మోడ్ కూడా 1 చేయండి. తర్వాత కుకీ విలువ కాపీ చేసుకుని లాగౌట్ అయ్యి, మొదట్లో చేసినట్టే ఇన్‌కాగ్నిటోలో మళ్లీ అతికించండి. లోపలికి వెళ్లిపోతే మీ లాగౌట్ బటన్ బ్రౌజర్‌లో కుకీని చెరిపిందే కానీ సర్వర్‌లో సెషన్‌ని చంపలేదని అర్థం.

ఇవన్నీ మీ లాప్‌టాప్‌లో కాదు, లైవ్ సర్వర్‌లో చూడాలి, అక్కడి కాన్ఫిగ్ వేరే ఉంటుంది. మేమైతే ప్రతి డిప్లాయ్ తర్వాత కర్ల్ (టెర్మినల్ నుంచి రిక్వెస్టులు పంపే టూల్)తో ఒక టెస్ట్ అకౌంట్‌లో లాగిన్ చేసి, సెట్ కుకీ హెడర్‌లో ఆ మూడు మాటలూ ఉన్నాయో లేదో వెతికే చిన్న స్క్రిప్ట్ పెట్టుకున్నాం, ఒక్కటి లేకపోయినా డిప్లాయ్ వెనక్కి పోతుంది.