హైడ్రేషన్ వెస్ట్‌తో కొండదారుల్లో పరుగు: సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

వికారాబాద్ దగ్గరి అనంతగిరి అడవిలోనో, విశాఖపట్నం పక్కనున్న కంబాలకొండలోనో రెండు మూడు గంటలు పరుగెత్తేవారు దారిలో కొళాయి దొరుకుతుందన్న భరోసా పెట్టుకోలేరు కాబట్టి, నీటిని ఒంటిమీదే మోసుకుపోవాలి. అందుకు హైడ్రేషన్ వెస్ట్‌కు, అంటే వీపున నీళ్ల సంచి, దాని నుండి నోటిదాకా గొట్టం, ముందు జేబులు ఉండే చేతుల్లేని జాకెట్టుకు, మించిన సాధనం లేదని నా నమ్మకం. అయినా దాన్ని కొని, నాలుగుసార్లు వేసుకుని, విసుగుపుట్టి మూలన పెట్టేసినవారు నాకు చాలామంది తెలుసు. వారు చెప్పే ఇబ్బందులు ఎక్కువగా వెస్ట్ లోపాలు కావు; నీళ్లు నింపే పద్ధతిలో, పట్టీలు బిగించే పద్ధతిలో జరిగే పొరపాట్లు.

పరుగెత్తుతుంటే వెస్ట్ వీపు మీద ఎగురుతోంది

ముందుగా ఎగురుతున్నది వెస్టా, దానిలోని నీళ్లా అన్నది తేల్చుకోవాలి. నీళ్లతో సహా వెస్ట్ తొడుక్కుని, ఛాతీ దగ్గర రెండు చేతులతో దాన్ని గట్టిగా ఒంటికి అదిమిపట్టి, ఉన్నచోటనే పదిసార్లు గెంతండి. కుదుపు ఆగిపోతే లోపం బిగింపులో ఉంది. ఆగకుండా, కాలు నేలను తాకిన క్షణం తరువాత వీపు మీద మరో దెబ్బ తగిలినట్లు అనిపిస్తే లోపం నీళ్ల సంచిలో ఉంది. దాని సంగతి తరువాతి భాగంలో చెబుతాను.

బిగింపు లోపానికి మొదటి కారణం కొలత. వెస్ట్ సైజును చొక్కా సైజును బట్టి కాక, చంకల కింద ఛాతీ చుట్టుకొలతను టేపుతో కొలిచి నిర్ణయించుకోవాలి. దుకాణంలో ఖాళీ వెస్ట్ తొడిగి చూసుకుంటే నిజం తెలియదు. నీళ్లు నింపాక దాని తీరే వేరు. తొడుక్కున్నాక ముందు పక్క పట్టీలను, ఆ తరువాతే ఛాతీ పట్టీలను బిగించాలి. చాలామంది ఈ వరుసను తలకిందులు చేసి, పక్కల వదులును ఛాతీ పట్టీతో సరిచేయబోయి, ఊపిరాడక అవస్థపడతారు. గుండెల నిండా గాలి పీల్చుకోగలగాలి, పట్టీ కింద రెండు వేళ్లు దూరాలి. అంత బిగువు చాలు. స్త్రీలు ఒక పట్టీని రొమ్ములకు పైన, రెండోదాన్ని కింద ఉండేలా జరుపుకుంటే నొక్కుడు ఉండదు.

రెండో కారణాన్ని ఎక్కువమంది గుర్తించరు. బయలుదేరేటప్పుడు 1.5 లీటర్ల నీళ్లుంటే వీపు మీద కిలోన్నర బరువు ఉన్నట్లే. గంట తరువాత అందులో సగం తాగేసి ఉంటారు, సంచి పల్చబడి ఉంటుంది, మొదట సరిపోయిన పట్టీలు ఇప్పుడు వదులై ఉంటాయి. కాబట్టి ప్రతి అరగంటకోసారి, నడిచి ఎక్కే చోట, పట్టీలను కాస్త లాగి సరిచేసుకోవడం అలవాటు చేసుకోండి. సామాను విషయంలోనూ ఒక మాట: ఫోను, తినుబండారాల వంటి బరువైనవి నడుము దగ్గర కాక భుజపుటెముకల ఎత్తులో, వీపుకు ఆనుకుని ఉండాలి. ముందు జేబుల్లో రెండు సాఫ్ట్ ఫ్లాస్కులు (తాగేకొద్దీ ముడుచుకుపోయే మెత్తని సీసాలు) ఉంటే ఒకదాన్నే ఖాళీ చేయకుండా మార్చి మార్చి తాగండి, లేకపోతే వెస్ట్ ఒక పక్కకు ఒరుగుతుంది.

నీళ్లు తొణుకుతున్నాయి, చప్పుడవుతోంది

దీనికి కారణం ఒక్కటే: సంచిలో గాలి. నిండు కుండ తొణకదు. సంచి నిండుగా లేకపోయినా గాలి లేకుండా చేస్తే అదీ తొణకదు. నీళ్లు పోసి మూత బిగించాక, గొట్టం బయటికి వచ్చే చోటు పైకి ఉండేలా సంచిని తలకిందులుగా పట్టుకోండి. గాలి అక్కడికి చేరుతుంది. కొరికి తాగే వాల్వ్‌ను నోట పెట్టుకుని, గాలంతా వచ్చేసి నీళ్లు తగిలేదాకా పీల్చండి. సాఫ్ట్ ఫ్లాస్కు అయితే నీళ్లు అంచుదాకా వచ్చేలా నొక్కి పట్టుకుని మూత బిగిస్తే సరిపోతుంది. తాగేకొద్దీ అది దానంతటదే ముడుచుకుపోతుంది.

పీల్చినా నీళ్లు రావడం లేదు

వాల్వ్‌కు తాళం పడి ఉందేమో ముందు చూడండి. తరువాత గొట్టం భుజం మీద వంగే చోట మడత పడిందేమో, సంచికి తగిలించే చోట పూర్తిగా బిగుసుకుందో లేదో చూడాలి. ఈ మూడూ సరిగ్గానే ఉంటే, సంచిని వెస్ట్ లోపలి కొక్కానికి వేలాడదీయడం మరచిపోయి ఉంటారు. అలా వేలాడని సంచి కిందికి జారి, తన మీద తానే మడతపడి, నీటి దారిని మూసేస్తుంది. గ్లూకోజు వంటి పొడులను నేరుగా సంచిలో పోసినా గడ్డకట్టి అడ్డుపడవచ్చు. వాటిని విడిగా గ్లాసులో పూర్తిగా కరిగించాకే పోయాలి.

ఎండాకాలంలో మొదటి గుటక వేడిగా వస్తుందన్న ఫిర్యాదు కూడా ఇక్కడిదే. గొట్టంలో నిలిచిన నీళ్లు ఎండకు కాగుతాయి. తాగాక గొట్టంలోకి మెల్లగా ఊది నీళ్లను సంచిలోకి నెట్టేయవచ్చు గానీ, గట్టిగా ఊదితే గాలి చేరి మళ్లీ తొణుకుడు మొదలవుతుంది. ఆ మొదటి గుటకను మెడ మీద పోసుకోవడం నాకు నచ్చిన ఉపాయం.

వీపు తడిసిపోతోంది

అది చెమట కావచ్చు, ఐసు నీళ్లు పోసినప్పుడు సంచి బయట పట్టిన చెమ్మ కావచ్చు, నిజమైన కారుడూ కావచ్చు. తేల్చుకోవడానికి సంచిని మామూలు నీళ్లతో నింపి, బయట పొడిగా తుడిచి, వార్తాపత్రిక మీద రాత్రంతా పడుకోబెట్టండి. ఉదయానికి కాగితం ఎక్కడ తడిసిందో అక్కడే లోపం. మూత దగ్గరైతే మర వంకరగా ఎక్కి ఉంటుంది, లేదా రబ్బరు వాషరు మీద ఇసుక రేణువు ఉంటుంది. వాల్వ్ నుండి చుక్కలు పడుతుంటే దాని చీలిక అరిగిపోయినట్లు. సంచిని మార్చనక్కరలేదు, వాల్వ్ విడిగా దొరుకుతుంది.

నీళ్లకు వాసన వస్తోంది

కొత్త సంచిలో ప్లాస్టిక్ రుచి ఉంటే, గోరువెచ్చని నీళ్లలో రెండు చెంచాల వంటసోడా కలిపి పోసి, గొట్టంలోకీ ఆ నీళ్లు చేరేలా పీల్చి వదిలి, కొన్ని గంటలు ఉంచి కడగాలి. పాత సంచిలో పాచి వాసనకు కారణం తేమ, తీపి. తీపి పానీయాలను ఫ్లాస్కులకే పరిమితం చేసి, సంచిలో మంచినీళ్లే పోయడం నా నియమం. వానాకాలంలో, ముఖ్యంగా సముద్రతీరపు ఊళ్లలో, సంచి లోపల ఆరడం కష్టం. గోడలు అతుక్కోకుండా లోపల ఒక శుభ్రమైన గరిటె నిలబెట్టి తలకిందులుగా వేలాడదీయండి. అప్పటికీ ఆరకపోతే ఖాళీ సంచిని, గొట్టాన్ని ఫ్రీజర్లో దాచుకోవచ్చు. చలికి బూజు పెరగదు. గొట్టంలో నల్ల మచ్చలు పడి, సన్నని బ్రష్షుతో రుద్దినా పోకపోతే ఆ గొట్టాన్ని పారేయండి.

మెడ, చంకలు ఒరుసుకుపోతున్నాయి

ఎండిన చెమట ఉప్పు గరుకు కాగితంలా పనిచేస్తుంది. ప్రతి పరుగు తరువాత వెస్ట్‌ను చల్లని నీళ్లలో చేత్తో ఉతికి నీడన ఆరేయాలి. ఒరిపిడి పడే చోట్ల పెట్రోలియం జెల్లీ రాయండి. కొబ్బరినూనె ఒంటి వేడికి కారిపోతుంది. వెస్ట్ ఎగురుతూనే ఉంటే మాత్రం ఏ పూతా నిలవదు, ముందు బిగింపు సరిచేసుకోవాలి.

నీళ్లు బాగానే తాగుతున్నా తలనొప్పి, వికారం, వేళ్లు ఉబ్బడం

అన్నిటిలోకీ దీన్ని తీవ్రంగా తీసుకోండి. గొట్టం నోటి పక్కనే ఉండటంతో దాహం లేకపోయినా గుటకలు వేస్తూనే ఉంటాం. చెమటగా పోయినదానికంటే ఎక్కువ నీళ్లు తాగితే రక్తంలో సోడియం పల్చబడి, లీటరుకు 135 మిల్లీమోల్స్ కంటే తగ్గవచ్చు. మరీ తగ్గితే మెదడు వాచి ప్రాణం మీదికి వస్తుంది. ఈ విషయమై 2015లో కాలిఫోర్నియాలోని కార్ల్స్‌బాడ్‌లో సమావేశమైన నిపుణులు దాహమైనప్పుడే తాగమని సూచించారు. ఓఆర్‌ఎస్ కలిపి తాగితే చాలనుకోవడమూ పొరపాటే. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం కలిపిన ఓఆర్‌ఎస్‌లో సోడియం లీటరుకు 75 మిల్లీమోల్స్; అది రక్తంలోని సోడియం కంటే చాలా తక్కువ, కాబట్టి అతిగా తాగితే అదీ పల్చబరుస్తుంది. లక్షణాలు కనిపిస్తే నీళ్లు ఆపి, పరుగు ఆపాలి. మాట తడబడినా, వాంతులు ఆగకపోయినా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.

మీకు ఎంత నీరు కావాలో తెలుసుకోవడానికి గంట పరుగుకు ముందు, తరువాత తడి బట్టలు లేకుండా బరువు చూసుకోండి. తగ్గిన ప్రతి కిలోను ఒక లీటరుగా లెక్కించి, దానికి ఆ గంటలో తాగిన నీటిని కలిపితే, సుమారుగా మీ చెమట లెక్క లీటర్లలో తెలుస్తుంది. బరువు పెరిగి ఉంటే మీరు అవసరానికి మించి తాగారు. తరువాతి పరుగుకు సంచిలో అంతమేరకు తక్కువ పోసుకోండి.